ఇంటి మీద సోలార్: సూర్యఘర్‌కు దరఖాస్తు పెట్టేముందు కరెంటు బిల్లు తీయండి

పీఎం సూర్యఘర్ పథకం కింద మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవారికి కేంద్రం గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంటుంది. కోటి ఇళ్లు లక్ష్యం. దరఖాస్తు పెద్ద పనేం కాదు, ఫోన్‌లోనే పెట్టొచ్చు. తేల్చుకోవాల్సింది ఎన్ని కిలోవాట్లు పెట్టించాలన్నదే. ఆ మాట కంపెనీ ఏజెంటును కాదు, మీ కరెంటు బిల్లును అడగండి.

ఎంత ఖర్చు, ఎంత మిగులు

మన ఎండలకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తాయి. వానాకాలంలో తగ్గుతాయి. ఒక్కో కిలోవాట్‌కు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 సబ్సిడీ వస్తుంది. 5 కిలోవాట్లు పెట్టించినా వచ్చేది ఆ 78,000 రూపాయలే. పెద్ద సిస్టమ్ అమ్మాలని చూసేవాళ్లు ఈ ముక్క చాలాసార్లు చివర్లో చెబుతారు.

తెలంగాణలో నెలకు 400 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుందాం. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70 చొప్పున, ఆపై వందకు 9 రూపాయల చొప్పున కలిపితే 2,690 రూపాయలు. 3 కిలోవాట్ల సిస్టమ్ అందులో 360 యూనిట్ల దాకా భర్తీ చేస్తుంది. మిగిలిన 40 యూనిట్లకు బిల్లు నామమాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం ఎలాగూ కట్టాలి. ముసురు రోజులు, దుమ్ము అన్నీ తీసేసినా ఏడాదికి 28,000 మిగులుతుందనుకోండి. సిస్టమ్ సుమారు లక్షా 90 వేలైతే, సబ్సిడీ పోను మీ చేతి నుంచి పడేది లక్షా 12 వేలు. నాలుగేళ్లలో తిరిగి వచ్చేస్తుంది. ప్యానెళ్ల పనితీరుకు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఉంటుంది. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ది అంతకంటే చాలా తక్కువ, కాబట్టి మధ్యలో ఒకసారి దాన్ని మార్చే ఖర్చు కూడా పక్కన రాసుకోండి.

అదే 180 యూనిట్ల ఇల్లయితే బిల్లు 724 రూపాయలే. 2 కిలోవాట్లకు లక్షా 30 వేలు పెట్టి 60,000 సబ్సిడీ వచ్చినా, మిగతా 70,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. ఇక గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ వల్ల ఇప్పటికిప్పుడు మిగిలేది ఏమీ లేదు. అలాంటి ఇంటికి అప్పు చేసి పెట్టించడం నా దృష్టిలో అనవసరం.

ఆంధ్రప్రదేశ్‌లో 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75, 400 దాటాక 9.75 పడుతుంది. అంటే రెండు ఏసీలున్న ఇంటికి సోలార్ బాగా కలిసొస్తుంది. అక్కడ బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు రాష్ట్రం తరఫున అదనంగా 20,000 ఇస్తామని, ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగానే పెట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోవలోకి వచ్చేవాళ్లు సొంత డబ్బు కట్టేముందు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఆఫీసులో ఒక మాట అడగడం మంచిది.

ఏడాది బిల్లులు ముందేసుకుని, వేసవి నెలలను మాత్రమే చూడకుండా సగటు తీయండి. దాన్ని 120తో భాగిస్తే మీకు కావాల్సిన కిలోవాట్లు తెలిసిపోతాయి.

దరఖాస్తు

ఇల్లు మీదై ఉండాలి, గృహ కనెక్షన్ ఉండాలి, ఇదివరకు సోలార్ సబ్సిడీ తీసుకుని ఉండకూడదు. ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. మీటర్ ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉన్న ఇళ్లు మనలో ఎన్నో. ముందు డిస్కంలో పేరు మార్పు చేయించి, ఆ తర్వాతే ఇందులోకి దిగండి. బ్యాంకు ఖాతా కూడా అదే పేరు మీద ఉండాలి, లేకపోతే చివర్లో సబ్సిడీ దగ్గర టెన్షన్ తప్పదు. పిల్లలు విదేశాల నుంచి అమ్మానాన్నల తరఫున ఫారం నింపుతుంటే, ఓటీపీ కోసం ఊళ్లో వాళ్ల దగ్గరున్న ఫోన్ నంబరే ఇవ్వాలి.

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో గానీ యాప్‌లో గానీ రిజిస్టర్ అయి, రాష్ట్రం, డిస్కం ఎంచుకుని, బిల్లు మీదున్న సర్వీస్ నంబర్ కొట్టాలి. తెలంగాణలో అయితే యూఎస్‌సీ నంబర్, అంటే ఒక్కో కనెక్షన్‌కు విడిగా ఉండే నంబర్. ఇటీవలి బిల్లు దగ్గర పెట్టుకోండి. 10 కిలోవాట్ల లోపు సిస్టమ్‌కు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చేలా 2024లో నిబంధనలు మార్చారు కాబట్టి ఈ మెట్టు దగ్గర పెద్దగా ఆగాల్సిన పని లేదు.

అనుమతి వచ్చాక పోర్టల్‌లో నమోదైన వెండర్లలో ఒకరిని ఎంచుకోవాలి. తొందరపడకూడని చోటు ఇదే. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. అందులో డీసీఆర్ ప్యానెళ్లు, అంటే దేశంలోనే తయారైన సెల్స్‌తో చేసినవి, అని స్పష్టంగా రాసి ఉండాలి. అవి కాకపోతే సబ్సిడీ రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత లెక్కతో కొటేషన్ ఇస్తే ఒప్పుకోవద్దు. ఎర్తింగ్, స్టాండు ఎత్తు, నెట్ మీటర్ (ఇంటికి వచ్చే కరెంటును, ఇంటి నుంచి లైన్‌లోకి వెళ్లే కరెంటును లెక్కపెట్టేది) ఛార్జీ ఇందులోనే ఉన్నాయా, అయిదేళ్ల నిర్వహణ ఒప్పందంలో రాశారా అన్నవి కూడా చూసుకోవాలి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరి చెట్టు నీడ ఎక్కడ పడతాయో వెండర్‌ను పైకి తీసుకెళ్లి చూపించండి.

చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి బ్యాంకులు అప్పు ఇస్తాయి. దానికి జన్‌సమర్థ్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి.

బిగింపు పూర్తయ్యాక ఫొటోలతో సహా వివరాలు అప్‌లోడ్ చేసి నెట్ మీటర్‌కు అడగాలి. డిస్కం వాళ్లు వచ్చి తనిఖీ చేసి, రెండు వైపులా లెక్కపెట్టే మీటర్ పెట్టి, సిస్టమ్ పని మొదలుపెట్టిందని చెప్పే కమిషనింగ్ సర్టిఫికెట్ పోర్టల్‌లో ఇస్తారు. అప్పుడు బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు పెడితే 30 రోజుల్లో సబ్సిడీ ఖాతాలో పడాలి. ఆలస్యమైతే 15555కు ఫోన్ చేయండి.

ఒక్క విషయం ముందే తెలిసుండాలి. బ్యాటరీ లేని ఈ సిస్టమ్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు, నడి ఎండలో కూడా. స్తంభం మీద పనిచేసే లైన్‌మెన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. కరెంటు కోతల బాధ తీరుతుందని కొనేవాళ్లకు ఇక్కడే నిరాశ.

నెట్ మీటర్ పెట్టాక వచ్చే మొదటి బిల్లులో ఎక్స్‌పోర్ట్ యూనిట్లు, అంటే మీ ప్యానెళ్ల నుంచి లైన్‌లోకి వెళ్లినవి, చూడండి. పగలంతా ప్యానెళ్లు పనిచేస్తున్నా అక్కడ సున్నా కనిపిస్తే, మీటర్ రీడింగ్ ఫొటో తీసుకుని ఆ వారంలోనే డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో ఫిర్యాదు రాసివ్వండి.