విండోస్‌కూ లినక్స్‌కూ ఒకటే డయలప్ మోడెమ్ కావాలంటే

డయలప్ మోడెమ్ అంటే ఫోన్ లైన్ మీద డేటా పంపే పరికరం. కొనేటప్పుడు ముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. "విండోస్ మాత్రమే, పెంటియం ప్రాసెసర్ ఉండాలి" అని రాసి ఉంటే అక్కడే పెట్టేయండి. ఫోన్ లైన్ శబ్దాన్ని డేటాగా మార్చే పనిని అది కంప్యూటర్ నెత్తిన వేస్తుంది. దానికి తగిన డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లేని సిస్టమ్‌లో అది ఉత్త డబ్బా.

అన్నిటికన్నా నమ్మకమైనది సీరియల్ మోడెమ్, అంటే కంప్యూటర్ వెనక ఉండే పాత సీరియల్ పోర్టుకు తగిలించేది. మోడెమ్ వైపు 25 పిన్నులు, కంప్యూటర్ వైపు 9 పిన్నుల కేబుల్ కావాలి. మూడు వైర్ల చవక కేబుల్ వద్దు. ఆగు, పంపు అని చెప్పే వైర్లు అందులో ఉండవు కాబట్టి సెకనుకు 115200 బిట్ల వేగంలో డేటా మధ్యలో జారిపోతుంది. యూఎస్‌బీ మోడెమే కావాలంటే సీడీసీ ఏసీఎం (వేర్వేరు సిస్టమ్‌లు గుర్తుపట్టే సాధారణ యూఎస్‌బీ పద్ధతి) రకమా అని అడగండి. యూఎస్ రోబోటిక్స్ 5637 లాంటివి విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తాయి.

నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పాతది కొనడానికి వెళ్తే అడాప్టర్ చూడకుండా డబ్బులివ్వకండి. అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టులది మన 230లో పెడితే కాలిపోతుంది. మోడెమ్‌కు కావలసింది ఏసీనా డీసీనా అన్నది కూడా దాని మీదే రాసి ఉంటుంది.

అక్కడే పరీక్షించండి. మోడెమ్‌కు ఆదేశాలు పంపే ప్రోగ్రామ్, అంటే విండోస్‌లో పుట్టీ, లినక్స్‌లో మినికామ్ తెరిచి ఏటీ (AT) అని కొట్టి ఎంటర్ నొక్కితే "ఓకే" రావాలి. ఏ డ్రైవరూ వేయకుండానే సీరియల్ మోడెమ్ ఇలా పలికితే బేరం మొదలుపెట్టొచ్చు. లినక్స్‌లో పోర్టు తెరుచుకోకపోతే తప్పు మోడెమ్‌దే కానక్కర్లేదు, మీ యూజర్‌ను పోర్టు వాడే అనుమతి ఉన్న గ్రూపులో (చాలాచోట్ల దాని పేరు డయల్‌అవుట్) చేర్చాల్సి ఉండొచ్చు.

ఇంటికొచ్చాక "నో డయల్‌టోన్" అంటే, ఫోన్‌లో టోన్ వినిపిస్తోందో లేదో చూసి, డయల్ చేసే ముందు ఏటీఎక్స్3 (ATX3) అనే ఆదేశం ఇవ్వండి. మన టోన్‌ను పోల్చుకోలేని మోడెమ్‌లు ఉంటాయి. ఇది ఇస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.

వి.92 అనే డయలప్ ప్రమాణం కోసం ఎక్కువ పెట్టకండి. అవతలి వైపూ అది లేకపోతే దండగే. ఎక్స్ఛేంజీకి దూరంగా ఉన్న ఊళ్లలో సెకనుకు 33.6 కిలోబిట్లు దొరికినా మంచిదే. ఫైబర్ డబ్బా నుంచి వచ్చే ఫోన్ లైన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, మాటల కోసం చేసిన ఆ దారిలో మోడెమ్ కూత చెదిరిపోయి లైన్ తెగుతుంటుంది.

ఉరుములు మొదలైతే స్విచ్ ఆపి ఊరుకోవద్దు. పిడుగు ఫోన్ తీగ మీదుగా కూడా వస్తుంది. మబ్బు పట్టగానే కరెంటుదీ ఫోనుదీ రెండు వైర్లూ పీకేయండి, ఉరుములు మొదలయ్యాక ఆ తీగ ముట్టుకోకండి.