ఇంటి రిపేర్లు మన చేత్తో – 5వ పాఠం: కదిలే నాపబండను తీసి మళ్ళీ పరచడం

గత పాఠంలో రసమట్టం (స్పిరిట్ లెవెల్) పట్టడం, మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపిన ముద్ద) కలపడం చూశాం. ఆ రెండూ చేతికి వచ్చి ఉంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి.

కర్నూలు, కడప, అనంతపురం వైపు పాత ఇళ్ళలో వాకిలి నుంచి వంటింటి దాకా నాపబండలే. బేతంచర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి పేర్లు చెప్పి అమ్మే బండలన్నీ సున్నపురాయి జాతివే. రాయి అంత తొందరగా పోదు. పోయేది దాని కింద ఉన్న పరుపు, అంటే బండ ఆని ఉండే మాలు పొర. అందుకే కాలు పెడితే ఊగే బండకు సందుల్లో సిమెంటు పాలు (నీళ్ళలో జారుగా కలిపిన సిమెంటు) పోసి సరిపెట్టడం వృథా పని. పోసిన పాలు పల్లం చూసుకుని ఒక మూలకు పోతాయి, అక్కడున్న దుమ్ము మీద పలచటి పెంకులా గట్టిపడతాయి. నాలుగు రోజులు తొక్కేసరికి ఆ పెంకు చిట్లి, బండ మళ్ళీ ఊగుతుంది. పైగా తర్వాత తీయబోయే వాళ్ళకు సందులు బిగిసిపోయి రెట్టింపు పని. బండ ఎత్తాల్సిందే.

అయితే ప్రతి బండనూ ఎత్తనక్కర్లేదు. సుత్తి పిడితో నాలుగు మూలలా, నడిమధ్యనా తట్టండి. గట్టి శబ్దం వస్తే కింద మాలు ఆని ఉంది. డొల్ల శబ్దం వస్తే ఖాళీ ఉంది. ఒక మూల మాత్రమే డొల్లగా ఉండి, బండ కదలకుండా ఉంటే దాని జోలికి పోకండి. ఎత్తే ప్రయత్నంలో మంచి బండ పగిలే అవకాశమే ఎక్కువ. ఊగుతున్నా, పక్క బండ కంటే దిగబడినా తీయాలి. వరసంతా దిగబడితే మాత్రం తప్పు బండలది కాదు. కింద తూము పైపు కారుతోందా, పందికొక్కు బొరియ ఉందా, చీమలు ఇసుక తోడేస్తున్నాయా చూడాలి. నల్లరేగడి మీద కట్టిన ఇల్లయితే నేలే కారణం కావచ్చు. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. నడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు బండ వేస్తే, వానలకు నేల ఉబ్బి దాన్ని పైకి ఎత్తేస్తుంది. అలాంటి చోట వానలు తగ్గి, నేల ఇంకా పూర్తిగా ఎండకముందు పని పెట్టుకోండి.

రెండడుగుల చదరం బండ ఒక్కదానికి లెక్క ఇది. 10 లీటర్ల బకెట్ నిండా జల్లించిన ఇసుక, 5 కిలోల సిమెంటు. ఇందులో సుమారు 3 కిలోలు, అంటే 2 లీటర్ల కొలత, పరుపు మాలుకు పోతుంది. కిలోన్నర సిమెంటు పాలకు, మిగిలింది సందులకు. సిమెంటు చేత్తో నలిపితే గడ్డలు తగలకూడదు. ఇసుకలో మట్టి ఎంతుందో తెలియాలంటే గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్ళు పోసి బాగా కుదిపి గంటసేపు పక్కన పెట్టండి. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర సన్నటి గీతలా ఉంటే సరే, వేలి మందం ఉంటే ఆ ఇసుక కడిగి వాడాలి. చౌడు నేల ఇసుక, ఉప్పు బోరు నీళ్ళు రెండూ వద్దు. సందుల వెంబడి తెల్లటి పూత లేవడానికి ఎక్కువగా అవే కారణం. తాగే నీళ్ళతోనే కలపండి.

ముందు సందులు తెరవాలి. సన్నటి శానంతో (ఉలితో) నాలుగు వైపులా పాత సిమెంటును కొద్దికొద్దిగా గీకి, బండ మందం మొత్తం ఖాళీ చేయండి. కట్టింగ్ మిషన్ ఉంటే పని తొందరగా అవుతుంది, కానీ బ్లేడు పక్క బండ అంచును కొరకకుండా చూసుకోండి. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఒక్క సందు బిగిసి ఉన్నా గడ్డపార వేయొద్దు. బండ విరిగేది అక్కడే. గడ్డపార మొన మూలలో కాకుండా అంచు మధ్యలో పెట్టి, పక్క బండ మీద చెక్క ముక్క ఆనించి, దాని మీద బలం వేయండి. అర అంగుళం లేవగానే కింద చెక్క దూర్చి, అవతలి వైపు కూడా అలాగే లేపాలి. అంగుళం మందమున్న ఈ బండ పాతిక కిలోలుంటుంది, కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. వేళ్ళు బండ కిందికి పోనివ్వకండి. నలగడం ఒక భయమైతే, తేలు ఇంకో భయం. మన వైపు బండ కింద తేలు ఉండటం వింతేమీ కాదు. చేతులకు తొడుగులు వేసుకుని, తెరుచుకునే వైపు మీకు ఎదురుగా లేకుండా బండను మీ వైపుకు వాల్చి ఎత్తండి. తీసిన బండ ఏ వైపు ఎటుందో పైభాగాన సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. చేత్తో కోసిన పాత బండలు నాలుగు పక్కలా సమానంగా ఉండవు, తిప్పి పెడితే ఇమడవు.

ఇప్పుడు గుంత. పాత మాలు వదులుగా ఉన్నదంతా తీసేయండి. గట్టిగా ఉన్న చోట కూడా బండ మందం పోను ఇంకో అంగుళం లోతు ఉండాలి, లేకపోతే శానంతో దించాలి. పైపు గానీ కరెంటు తీగ గానీ పోతోందేమో చూసుకుంటూ కొట్టండి. వదులు మట్టి తగిలితే అది గట్టి తగిలేదాకా తవ్వాలి. నల్లమట్టి అయితే కనీసం ఆరు అంగుళాలు తీసి, గరుసు (కంకర మట్టి) మూడేసి అంగుళాల చొప్పున రెండు వరసలుగా నింపండి. ప్రతి వరసా తడిపి దిమ్మిసతో (నేలను గట్టిపరిచే బరువైన దిమ్మెతో) కొట్టాలి. మడమతో గట్టిగా తొక్కినా గుర్తు పడకపోతే కుదిరినట్టు. ఆ రాత్రికి వదిలేసి మర్నాడు బండ వేయండి. ఈ ఒక్క రోజు ఆగలేకే చాలా రిపేర్లు మళ్ళీ దిగబడతాయి.

ఎండాకాలంలో మాత్రం బండ వేయడానికి పొద్దున కంటే సాయంత్రం నయం. నల్ల నాపబండ ఎండకు కాలిపోయి ఉంటే మాలులోని తడిని లాగేస్తుంది, మాలు గట్టిపడకుండానే పొడి అవుతుంది. బండను ముందే నీడకు చేర్చి, అడుగున అంటుకున్న పాత మాలూ మన్నూ గీకేసి, ఇనుప బ్రష్‌తో రుద్ది కడగండి. నాపబండ అడుగు నున్నగా ఉంటుంది, దుమ్ము ఉంటే సిమెంటు అసలే పట్టదు.

పరుపు మాలు ఒకపాలు సిమెంటు, అయిదుపాళ్ళు ఇసుక. పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా తిప్పి, తర్వాత నీళ్ళు చిలకరించండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. పల్చగా కలిపితే బండ పెట్టగానే మాలు పక్కలకు జారి, మళ్ళీ డొల్ల మిగులుతుంది. కలిపిన మాలు ఎండాకాలం అరగంటలో వాడేయాలి. గట్టిపడ్డాక నీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే అందులో బలం ఉండదు.

గుంత అడుగు తడిపి, మాలు పరచి, తాపీతో తేలిగ్గా సర్దండి. నొక్కి చదును చేయొద్దు. బండ పెట్టి చూస్తే పక్క బండల కంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండాలి. రబ్బరు సుత్తితో నడుమ నుంచి మూలలకు తట్టుకుంటూ మట్టానికి దించండి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి, బండను మళ్ళీ ఎత్తండి. మాలు మీద బండ అచ్చు కనిపిస్తుంది. నున్నగా అణిగిన చోట ఆనింది, గరుగ్గా మిగిలిన చోట ఆనలేదు. ఆనని చోట పిడికెడు మాలు వేసి, పరుపు పైభాగం తాపీ మొనతో కొద్దిగా గీకండి. కిలోన్నర సిమెంటులో ముప్పావు లీటరు నీళ్ళు పోసి, దోసెపిండిలా జారుగా కలిపి పరుపంతా పరచండి. బండ అడుగు తడిపి, అదే పాలు చీపురు పుల్లల కుంచెతో పలచగా పూసి, వెంటనే దించండి. సందుల్లోంచి పాలు కొద్దిగా పైకి ఉబికితే అంతటా నిండినట్టు. నాలుగడుగుల మట్టపు బద్దను (తిన్నటి పట్టీని) అటూ ఇటూ ఉన్న బండల మీదుగా పెట్టి చూడండి. కాలి వేలికి అంచు తగలకూడదు. వాకిట్లోనైతే మట్టం ఒక్కటే చాలదు, పదడుగులకు అంగుళం నుంచి అంగుళంపావు వాలు నీళ్ళు పోయే వైపుకు ఉండాలి.

ఒక రోజంతా ఎవరూ తొక్కకుండా చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టండి. మర్నాడు సందులు తడిపి నింపాలి. సన్నటి సందుకు ఉత్త సిమెంటు ముద్ద, మూడు మిల్లీమీటర్లు దాటిన సందుకు సన్న ఇసుక సమానంగా కలిపిన మాలు. నల్లబండకు సందు తెల్లగా కనపడకుండా కిలో సిమెంటుకు 50 గ్రాముల నల్ల ఆక్సైడ్ రంగు చాలు. రంగు ఎక్కువైతే సందు బలం తగ్గుతుంది. పావుగంటలో తడి గుడ్డతో తుడిచేసి, వారం రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచండి.

బండ మీద సిమెంటు మరకలు ఎండిపోతే బాత్రూం యాసిడ్ పోయొద్దు. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగుతుంది, ఆ నురగతో పాటు బండ మెరుపూ పోతుంది. నిమ్మరసం, చింతపులుసు కూడా వంటింటి కడప బండను మెల్లగా అలాగే తింటాయి. మరకను తడిపి, చెక్క ముక్కతో గీకి, మిగిలిన దాన్ని నీటి ఉప్పుకాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్దండి. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలపడం మరీ ప్రమాదం, విషవాయువు వస్తుంది.

అభ్యాసం: మీ ఇంట్లో ఒక గది బండలన్నీ తట్టి చూసి, డొల్ల ఉన్న చోట సుద్దముక్కతో సున్నా, ఊగే చోట అడ్డగుర్తు పెట్టండి. ఒక అడ్డగుర్తు బండను ఎంచుకుని పని చేయండి. గోడను ఆనుకున్నది కాకుండా నడుమ ఉన్నదైతే మంచిది. గోడ పక్క బండ ఒక అంచు పూత కిందికి పోయి ఉంటుంది, దాన్ని తీయడం వేరే పద్ధతి.

6వ పాఠం కారే కొళాయి. అర అంగుళం పాత ఇత్తడి కొళాయి ఒకటి, దానికి సరిపడే రబ్బరు వాషర్లు రెండు, టెఫ్లాన్ టేపు చుట్ట ఒకటి తెచ్చి పెట్టుకోండి.