సహజ లాగరిథమ్ సమీకరణాలు, 4వ పాఠం: అక్కరలేని మూలం, తప్పిపోయిన మూలం

పోయిన పాఠంలో లాగ్(2ఎక్స్ − 1) = 3 చేశాం. 2ఎక్స్ − 1 = ఇ³ అని మార్చి, ఎక్స్ విలువ సుమారు 10.54 అని తేల్చాం. ఒకే లాగ్ ఉంది కాబట్టి పేచీ రాలేదు. ఇవాళ రెండు లాగ్‌లు. ఎప్పటిలాగే ఆధారం ఇ, అంటే సుమారు 2.718.

లాగ్ ఎక్స్ + లాగ్(ఎక్స్ − 2) = లాగ్ 15

లెక్క మొదలుపెట్టకముందే ఒక పని చేయండి. ఇ ని ఏ ఘాతానికి ఎక్కించినా సున్నా రాదు, రుణసంఖ్యా రాదు. కాబట్టి లాగ్ లోపలిది సున్నా కన్నా పెద్దదై తీరాలి. మొదటి లాగ్‌కి ఎక్స్ > 0 కావాలి, రెండోదానికి ఎక్స్ > 2 కావాలి. రెండూ కుదరాలంటే ఎక్స్ > 2. దీన్ని పేజీ పైన రాసి బాక్స్ కట్టండి.

ఇప్పుడు లాగ్‌లు కలపండి:

లాగ్[ఎక్స్(ఎక్స్ − 2)] = లాగ్ 15
ఎక్స్² − 2ఎక్స్ − 15 = 0
(ఎక్స్ − 5)(ఎక్స్ + 3) = 0

మూలాలు 5, −3. బాక్స్ చూడండి. −3 పోయింది, జవాబు 5.

మరి ఆ −3 ఎలా వచ్చింది? లెక్కలో తప్పేం లేదు. ఎక్స్ బదులు −3 పెడితే లోపలివి −3, −5. విడివిడిగా వాటికి లాగ్ లేదు. కలిపేసరికి లబ్ధం 15 అయ్యింది, ధనసంఖ్య కాబట్టి చెల్లిపోయింది. లాగ్‌లు కలిపిన ప్రతిసారీ ఈ ప్రమాదం ఉంటుంది.

విడదీసినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. లాగ్(ఎక్స్²) = లాగ్ 9 అని ఇస్తే ఒక పరీక్షలో నేను 2 లాగ్ ఎక్స్ = 2 లాగ్ 3 అని రాసి, ఎక్స్ = 3 అని ముగించేశాను. −3 వర్గం కూడా 9 కదా! అదీ మూలమే. 2 లాగ్ ఎక్స్ అని రాయగానే ఎక్స్ ధనసంఖ్య అని తెలియకుండానే ఒప్పుకున్నట్టయింది. రాయాల్సింది 2 లాగ్|ఎక్స్|. నాకు ఈ తప్పంటేనే ఎక్కువ భయం. అక్కరలేని మూలం సరిచూస్తే దొరుకుతుంది. తప్పిపోయింది అసలు కాగితం మీదే ఉండదు, ఇక దేన్ని సరిచూస్తాం?

మీరు చేయాల్సినవి రెండు:

లాగ్(ఎక్స్ + 1) + లాగ్(ఎక్స్ − 1) = లాగ్ 8
లాగ్[(ఎక్స్ − 1)²] = లాగ్ 16

మొదటిదానికి జవాబు 3 ఒక్కటే. రెండోదానికి 5, −3 రెండూ జవాబులే. ఈసారి −3 ఎందుకు నిలిచిందో బాక్స్ కట్టి చూడండి. 5వ పాఠంలో (లాగ్ ఎక్స్)² ఉన్న సమీకరణాలు చేద్దాం.