అమ్మానాన్నలతో మొదటిసారి అలాస్కా క్రూయిజ్‌కి వెళ్ళడం ఎలా?

వేసవి వచ్చిందంటే అమెరికాలోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రశ్న. “అమ్మావాళ్ళు వచ్చారు, సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్ బుక్ చేశాం, ఏమేం సర్దుకోవాలి?” వెంటనే జవాబులు వచ్చి పడతాయి: స్వెట్టర్లు, గొడుగులు, బైనాక్యులర్లు, చేగోడీలు. సర్దుకోవడానికి ఒక సాయంత్రం చాలండీ. స్వెట్టర్ మర్చిపోతే ఓడలోనే కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టులో కెనడా వీసా లేకపోతే మాత్రం రేవు నుంచే వెనక్కి పంపేస్తారు. ఏటా ఎవరో ఒకరి అమ్మానాన్నలు సూట్‌కేసులతో టెర్మినల్ బయట బిక్కమొహం వేసుకుని నిలబడుతూనే ఉన్నారు. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి, ఆ ఒక్కదాని దగ్గర మాత్రం ఆగుతాను.

1. ఓడ, నెల, గది

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల ట్రిప్ తీసుకోండి. వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలో ఎక్కడో దిగి, అక్కణ్ణుంచి విమానంలో వెనక్కి వచ్చే ట్రిప్పులు కుర్రవాళ్ళకి బాగుంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అన్నిసార్లు సామాను మోసుకుంటూ తిరగడం అనవసరం. సీజన్ ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. మే నెలలో వెళ్ళాలి. వాన తక్కువ, ధర తక్కువ, కొండల మీద మంచు ఇంకా కరగకుండా ఉంటుంది. సెప్టెంబరులో చవగ్గా వస్తుందని కొందరు పోతారు. అలాస్కాలోని కెచికాన్ ఊళ్ళో ఏడాదికి దాదాపు 150 అంగుళాల వాన పడుతుంది, అంటే మన విశాఖలో పడేదానికి మూడింతలకు పైమాటే. అందులో మంచి వాటా శరదృతువులోనే కురుస్తుంది.

బుక్ చేసేముందు ఆ ఓడ గ్లేసియర్ బేకి వెళ్తుందో లేదో చూడండి. ఆ నేషనల్ పార్కులోకి రోజుకి రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే రానిస్తారు. పార్క్ రేంజర్లు చిన్న పడవలో వచ్చి మన ఓడ ఎక్కి, రోజంతా మైకులో వివరిస్తారు. మిగతా ఓడలు వేరే హిమానీనదాల దగ్గరికి తీసుకెళ్తాయి. అవీ బాగానే ఉంటాయి కానీ, ఒక్కసారే వెళ్ళేవాళ్ళు గ్లేసియర్ బే వదులుకోకూడదు.

గది విషయంలో అందరూ బాల్కనీ అంటారు. వద్దు. ఆ చలిగాలిలో మీ నాన్నగారు బాల్కనీలో పది నిమిషాలు కూర్చుంటే గొప్ప. మంచుకొండ ముందు ఓడని నెమ్మదిగా చుట్టూ తిప్పుతారు, పై డెక్ మీద నిలబడితే అంతా కనిపిస్తుంది. కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన ఉండే లోపలి గది తీసుకోండి. ఊపు తక్కువగా తెలుస్తుంది. మిగిలిన డబ్బుతో, దారిలో వచ్చే స్కాగ్వే ఊళ్ళో కొండ రైలెక్కండి.

2. కెనడా వీసా

“మనం వెళ్ళేది అలాస్కా, అదీ అమెరికాయే కదా, కెనడా వీసా ఎందుకు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1886లో అమెరికా ఒక చట్టం చేసింది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవూ తాకకుండా తిరిగి అమెరికా రేవులో దింపకూడదు. మనం ఎక్కే పెద్ద ఓడలన్నీ బహామాస్, బెర్ముడా, పనామా, నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో రిజిస్టరైనవే. అందుకే వారం చివర్లో ఓ సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. 2021లో కోవిడ్ వల్ల కెనడా తన రేవులు మూసేస్తే, అలాస్కాకి ఓడలు నడపడానికి అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. విక్టోరియా ఆగుడు అంత తప్పనిసరి అన్నమాట.

ఎవరికి కావాలి? గ్రీన్ కార్డు లేని, భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఒక్కరికీ కావాలి. అమెరికా విజిటర్ వీసా పదేళ్ళకి ఉన్నా సరే, కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు కానీ, 2022 ఏప్రిల్ నుంచి గ్రీన్ కార్డుతో పాటు గడువున్న భారతీయ పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండాలి. అమెరికా సిటిజన్లకి వీసా అవసరం లేదు. అమ్మానాన్నలకి శ్రద్ధగా కెనడా వీసా తీసి, తామూ హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీదే ఉన్నామని, తమకీ కావాలని మర్చిపోయే కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు. ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే తీసి చూడండి.

ఇక గ్రూపుల్లో తిరిగే ఉచిత సలహాలు.

“విక్టోరియాలో దిగకపోతే చాలు” అంటారు. మీరు దిగుతారా, గదిలో పడుకుంటారా అన్నది క్రూయిజ్ వాళ్ళకి అనవసరం. ఓడ కెనడాలోకి వెళ్తుంది, అందులో మీరుంటారు. సియాటిల్ కౌంటర్లోనే వీసా చూపించమంటారు. లేకపోతే ఎక్కనివ్వరు, డబ్బూ తిరిగి రాదు. వీసా లేదన్న కారణానికి ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా మామూలుగా పైసా ఇవ్వదు.

“అమెరికా వీసా ఉంటే ఆన్‌లైన్‌లో ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) తీసుకుంటే సరిపోతుంది” అంటారు. 2023లో కెనడా కొన్ని దేశాలకి అలాంటి సదుపాయం ఇచ్చిన మాట నిజమే. ఆ జాబితాలో భారత్ లేదు. పైగా అది విమానంలో వెళ్ళేవాళ్ళకే పనిచేస్తుంది, ఓడకి కాదు.

“పోయినేడు మా వదినావాళ్ళు వీసా లేకుండానే వెళ్ళొచ్చారు” అనేవాళ్ళు కూడా తగుల్తారు. ఆ వదినగారికి గ్రీన్ కార్డు ఉందేమో కనుక్కోండి.

ఎప్పుడు అప్లై చేయాలి? అమ్మావాళ్ళు ఇండియాలో ఉండగానే చేయాలి. ఇందులో నేను ఎవరి మాటా వినను. కెనడా ఇమిగ్రేషన్ సైటులో విజిటర్ వీసా అప్లికేషన్ మీరే ఇక్కణ్ణుంచి నింపొచ్చు. వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి మాత్రం వాళ్ళు హైదరాబాదులోనో దగ్గర్లోని మరో ఊళ్ళోనో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌కి వెళ్ళాలి. 14 ఏళ్ళ లోపువాళ్ళకి, 79 దాటినవాళ్ళకి అదీ అక్కర్లేదు. ఒకసారి ఇస్తే పదేళ్ళు చెల్లుతుంది. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85. కుటుంబమంతా కలిసి పెడితే వేలిముద్రల ఫీజు మొత్తం 170 దాటదు.

అమెరికా వచ్చాక కూడా అప్లై చేయొచ్చు. వేలిముద్రలు ఇక్కడి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఆఫీసుల్లో ఇవ్వొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. వీసా ఓకే అన్నాక స్టిక్కర్ కోసం పాస్‌పోర్టుని న్యూయార్క్‌కో లాస్ ఏంజెలెస్‌కో కొరియర్లో పంపాలి. ప్రయాణం రెండు వారాల్లో పెట్టుకుని, పరాయి దేశంలో అమ్మ పాస్‌పోర్టు ఎక్కడో కవర్లో తిరుగుతుంటే మీకు నిద్ర పడుతుందా? తప్పనిసరైతే తప్ప ఆ టెన్షన్ పెట్టుకోకండి.

అప్లికేషన్‌తో పాటు ఒక పేజీ ఉత్తరం పెట్టండి. ఫలానా ఓడ, ఫలానా తేదీలు, విక్టోరియాలో ఫలానా సాయంత్రం కొన్ని గంటలు ఆగుతుంది, మళ్ళీ సియాటిల్‌కే వస్తాం, ఆ తర్వాత ఫలానా తేదీన ఇండియా వెళ్తాం అని రాయాలి. క్రూయిజ్ బుకింగ్ కాగితం, అమెరికా వీసా కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీ ఉద్యోగం లెటర్, మీ ఇమిగ్రేషన్ స్టేటస్ కాగితాలు జత చేయండి. “టూరిజం” అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, కెనడాలో ఏం చేస్తారో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

బుకింగ్ కావాలంటే డబ్బు కట్టాలి, వీసా రాకుండా డబ్బు ఎలా కట్టడం అన్న సందేహం వస్తుంది. డిపాజిట్ తిరిగొచ్చే రకం టికెట్ తీసుకోండి. చాలా కంపెనీల్లో మొత్తం డబ్బు కట్టాల్సిన గడువు ప్రయాణానికి సుమారు మూడు నెలల ముందు ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఆలోపు వీసా చేతికి రాలేదా, క్యాన్సిల్ చేసేయండి. “వచ్చేస్తుందిలే” అని మిగతా డబ్బు కట్టేసినవాళ్ళే తర్వాత గ్రూపుల్లో లబోదిబోమంటారు.

వీసా వచ్చాక పేర్లు సరిచూడండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా, ఒకరికి పొడి అక్షరంగా ఉంటుంది, కొందరికి అసలే ఉండదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరుకి బదులు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ముద్రిస్తారు. క్రూయిజ్ బుకింగ్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడా కనిపిస్తే ముందే ఫోన్ చేసి సరిచేయించండి. అమెరికా వీసా పాత పాస్‌పోర్టులో, కెనడా వీసా కొత్తదాంట్లో ఉండటం మామూలే. రెండూ తీసుకెళ్ళాలి. పాతది “క్యాన్సిల్ అయిందిగా” అని ఇండియాలో బీరువాలో పెట్టి వచ్చిన పెద్దాయన తిరిగి అమెరికాలోకి రావడానికి ఏం చూపించాలి?

హెచ్‌1బీ వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు కెనడా వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగి రావడానికి ఒక నిబంధన ఉంది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు మిగిలి ఉండాలి, ఇంకా కొన్ని షరతులున్నాయి. కంపెనీ లాయర్‌తో మాట్లాడి, ఐ-94, ఐ-797 (హెచ్‌1బీ ఆమోద పత్రం) ప్రింట్లు పెట్టుకునే బయల్దేరండి.

3. సర్దడం

పొరలుపొరలుగా వేసుకునే బట్టలు, పైన వాన ఆపే జాకెట్. గొడుగు గాలికి నిలవదు. జారని బూట్లు. మందులన్నీ చేతి సంచిలో. అమ్మ ఎంత బతిమాలినా రైస్ కుక్కర్ పెట్టకండి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె స్కానింగ్‌లో పట్టుకుంటారు. ఇంట్లో చేసిన పులిహోర కూడా లోపలికి రానివ్వరు. కొట్లో కొన్న సీల్ తీయని ఆవకాయ సీసా, పొడుల ప్యాకెట్లు సరిపోతాయి.

4. ఎక్కే రోజు

వేరే ఊరి నుంచి వచ్చేవాళ్ళు ముందురోజే సియాటిల్ చేరాలి. అదే రోజు పొద్దున విమానం అంటే జూదమే. సియాటిల్‌లో రెండు క్రూయిజ్ టెర్మినల్స్ ఉన్నాయి, పియర్ 66, పియర్ 91. రెండూ వేర్వేరు చోట్ల. ఊబర్ వాడికి “క్రూయిజ్ టెర్మినల్” అని చెప్పి ఊరుకోకండి. లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ చేసి పెట్టెలకి తగిలిస్తే పోర్టర్లు తీసుకుంటారు. పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. పాస్‌పోర్టులు పెట్టెలో వేసి పంపేయకండి.

ఓడ కదిలేలోపు సేఫ్టీ డ్రిల్ అందరూ చేయాలి. మీ గుంపు ఎక్కడ చేరాలో ఆ చోటికి పెద్దవాళ్ళని నడిపించి చూపించండి.

5. ఓడలో

ఫోన్లు వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఓడ సిగ్నల్ పట్టుకుంటే బిల్లు మామూలుగా ఉండదు. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపున, నడిసముద్రంలోంచి పోతాయి. మొదటి రాత్రి, మర్నాడు ఊపు ఉంటుంది. తల తిరిగాక మందు వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. బీపీ, షుగరు మందులు వాడే పెద్దవాళ్ళకి ఏది ఇవ్వాలో డాక్టరుని అడిగి ఉంచుకోండి. ఓడలో క్లినిక్ ఉంటుంది కానీ అక్కడి బిల్లు మీ జేబులోంచే. విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీదా చెల్లుతుందేమో ఎక్కకముందే చూడండి.

శాకాహారులు తిండి గురించి బెంగ పడక్కర్లేదు. మొదటి రాత్రే పెద్ద డైనింగ్ హాలుకి వెళ్ళి, హెడ్ వెయిటర్‌ని పిలిచి, రేపటి నుంచి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్పండి. ప్రతి రాత్రీ మర్నాటి వంట అడిగి రాసుకుంటారు. ఓడ సిబ్బందిలో మనవాళ్ళు చాలామందే ఉంటారు, అమ్మ “కొంచెం కారం వేయండి బాబూ” అంటే అర్థమవుతుంది. బఫేకే పోయి వారమంతా బ్రెడ్డూ సలాడూ తిని తిట్టుకునేవాళ్ళకి నేనేం చెప్పలేను.

6. ఊళ్ళలో

జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం, తిమింగలాలు చూపించే పడవ, రెండూ చేయొచ్చు. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు. 1898లో బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. 20 మైళ్ళలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. స్కాగ్వే నుంచి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి, లోయంతా అటే. శిఖరం దగ్గర సీట్ల వీపుల్ని అటు తిప్పేసి, వరస మారమంటారు. అప్పుడు మారాం చేయకుండా లేవండి, అవతలివాళ్ళకీ చూడాలని ఉంటుంది. ఈ శిఖరం ట్రిప్పుకి పాస్‌పోర్టు అడగరు. యూకాన్ దాకా వెళ్ళే టూర్లయితే కెనడా సరిహద్దు దాటతాయి, పాస్‌పోర్టులు ఉండాల్సిందే.

అలాస్కా గడియారం సియాటిల్ కంటే ఒక గంట వెనక నడుస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోన్ తనంతట తాను టైమ్ మార్చుకోకపోవచ్చు. నాన్నగారి చేతికి మామూలు వాచీ పెట్టి, ఓడ చెప్పే టైమ్‌కి తిప్పండి. బయలుదేరడానికి అరగంట ముందే అందరూ లోపల ఉండాలి. సొంతంగా తిరిగేవాళ్ళ కోసం ఓడ ఆగదు.

7. దిగే ముందు

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, పళ్ళసెట్టు బయట ఉంచుకున్నాకే పెట్టె మూయండి. లేదంటే పొద్దున నైటీలో కస్టమ్స్ లైన్లో నిలబడాలి. బఫేలోంచి తెచ్చిన యాపిల్ సంచిలో ఉంటే తీసేయండి. తిరుగు విమానం మధ్యాహ్నం 12 తర్వాతదే పెట్టుకోండి.