గర్భిణిని మందు గురించి అడగడం ఎలా?

“మందు అలవాటు లేదు కదా?” అని కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగి, జవాబు రాకముందే ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టేసే నర్సులను చాలామందిని చూశాను. మొదటి ఏడాది నేనూ ఆ బాపతే. ఆ టిక్కుతో ఫైలు నిండుతుంది, బిడ్డకు ఒరిగేదేమీ ఉండదు.

నేను పనిచేసింది కెనడా ఉత్తరపు కొసన, నునావుట్‌లో. అక్కడి ఆదివాసులైన ఇన్యుయిట్ ప్రజలుండే ప్రాంతం. మొత్తం 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డుండదు, విమానం ఎక్కాల్సిందే. ఊళ్లో హెల్త్ సెంటర్ నడిపేది నర్సులే, డాక్టరు అప్పుడప్పుడూ వచ్చి వెళ్తారు. చాలా ఊళ్లలో కాన్పు కూడా అక్కడ చెయ్యరు, నెలలు నిండే ముందే తల్లిని విమానంలో పెద్ద ఊరికి పంపేస్తారు. ఆ లోపు దొరికే నాలుగైదు చెకప్పుల్లోనే ఈ మాట జరగాలి. అక్కడికి ఉద్యోగానికి వెళ్లే మన నర్సమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పసారా కాచే గూడేల్లో తిరిగే మన ఏఎన్ఎంలకూ, ఆశా కార్యకర్తలకూ పనికొస్తే సంతోషం.

కావలసినవి

తలుపు వేసుకునే గది. రెండు కుర్చీలు. టీ. గర్భ పరీక్ష స్ట్రిప్పులు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు. భాష రాకపోతే దుబాసీ. ఊరు చిన్నది కాబట్టి దుబాసీ ఆమెకు మేనత్తో పెద్దమ్మో అయ్యుంటుంది. ఎవరుంటే మాట్లాడగలరో ఆమెనే అడగండి. బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చోవద్దు, పక్కపక్కన కూర్చోవాలి. ఇది ఎక్కడా రాసి లేదు, నా రూలు. కంప్యూటర్ మూసెయ్యండి.

గోడ మీద పెద్ద కడుపు, దాని మీద సీసా బొమ్మ, ఎర్ర గీత ఉన్న పోస్టరుంటే అది కూడా తీసెయ్యండి. ముఖం లేని కడుపు బొమ్మ ఏ ఆడదానికి నచ్చుతుంది చెప్పండి.

ముందు మీకు తెలియాల్సింది

కడుపుతో ఉన్నప్పుడు ఇంత తాగితే ఫరవాలేదు అనే కొలత లేదు. ఫలానా నెల దాటితే ఫరవాలేదు అన్నదీ లేదు. బీరైనా వైనైనా ఒకటే. తల్లి తాగినది మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది, దాన్ని అరిగించుకునే శక్తి బిడ్డ కాలేయానికి అప్పటికి రాదు. 1968లో ఫ్రాన్స్‌లో లెమోయిన్ అనే డాక్టరు తల్లి తాగుడు వల్ల బిడ్డకు వచ్చే లోపాల గురించి రాస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే ఇద్దరు డాక్టర్లు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టాక లోకం కళ్లు తెరిచింది. ఇప్పుడు ఇలాంటి లోపాలన్నిటినీ, చిన్నవైనా పెద్దవైనా, కలిపి ఎఫ్ఏఎస్‌డీ (ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్) అంటున్నారు. ముఖంలో తేడా కనిపించేది కొద్దిమంది పిల్లల్లోనే. మిగతావాళ్లు చూడ్డానికి మామూలుగానే ఉంటారు. బడికి వెళ్లాక తెలుస్తుంది: నిన్న నేర్పింది ఇవాళ గుర్తుండదు, లెక్కలు ఎక్కవు, కోపం ఆగదు. అప్పుడు పిల్లాణ్ణి మొండివాడంటారు.

మొదటి పని: మామూలు చెకప్

బీపీ, బరువు, బిడ్డ గుండె చప్పుడు. ఇవి మీకు వచ్చినవే. గుండె చప్పుడు ఆమెను విననివ్వండి. టీ ఇవ్వండి.

అసలు పని: అడగడం

ఇక్కడే అందరూ చెడగొడతారు. నెమ్మదిగా చదవండి.

ముందు అనుమతి అడగాలి. “మందు గురించి కాసేపు మాట్లాడుకుందామా? ఇక్కడికొచ్చే ప్రతి ఒక్కరినీ అడుగుతాను.” ఆ రెండో వాక్యం మర్చిపోవద్దు. దాన్ని నిజం కూడా చెయ్యాలి. టీచరునూ అడగాలి, మీతో పనిచేసే నర్సునూ అడగాలి. ఇన్యుయిట్ వాళ్లను మాత్రమే అడిగితే ఆ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది.

తర్వాత ప్రశ్న. నేను అడిగేది ఇదొక్కటే: “కడుపుతో ఉన్నట్టు తెలియకముందు, ఆ రెండు నెలల్లో మందు అలవాటు ఎలా ఉండేది?” ఇప్పుడు తాగుతున్నారా అని మొదటే అడిగితే తల్లిగా తప్పు చేస్తున్నావా అని నిలదీసినట్టు ఉంటుంది. తెలియకముందు సంగతి ఎవరైనా చెప్తారు. చాలా గర్భాలు అనుకోకుండానే వస్తాయి, నెల తప్పిన సంగతి తేలేసరికే కొన్ని వారాలు గడిచిపోతాయి. బిడ్డ అవయవాలు రూపు కట్టేది ఆ వారాల్లోనే. కాబట్టి మనకు ముందు కావలసిన సమాచారం కూడా అదే. అది చెప్పాక “తెలిశాక ఎలా ఉంది?” అంటే రెండో జవాబు దానంతట అదే వస్తుంది.

‘లేదు కదా’ అనే ప్రశ్నలు అస్సలు వద్దు. “తాగలేదు కదా?” అంటే మనం “అవును” అంటాం, అంటే తాగలేదని. ఇన్యుయిట్ వాళ్లూ అంతే. ఇంగ్లీషు వాళ్లకు ఆ ‘అవును’ తాగాననే వినపడుతుంది. ఈ ఒక్క సంగతిలో తెలుగువాళ్లం ఇంగ్లీషు వాళ్లకంటే ముందున్నాం.

అడిగాక నోరు మూసుకోండి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. మౌనం భరించలేక మనమే జవాబు అందించేస్తాం. అది పెద్ద తప్పు. ఆ ఇరవై అంకెలూ లెక్కపెడుతున్నంతసేపూ ఆమె ముఖం చూడాలి, ఎందుకంటే అక్కడ జవాబు నోటితో రాకపోవచ్చు. కనుబొమలు పైకి ఎత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని. నాకది చేరిన కొత్తలో తెలియదు. ఒకావిడను అడిగాను, ఏమీ మాట్లాడలేదు. “జవాబు ఇవ్వలేదు” అని రాసుకున్నాను. ఆవిడ వెళ్లాక దుబాసీ పెద్దావిడ నా కాగితం వైపు చూసి, “రెండుసార్లు చెప్పింది కదమ్మా” అంది. రెండుసార్లు కనుబొమలెత్తింది. నేను పెన్ను మూత వెతుక్కుంటున్నాను.

ఇక భయాల సంగతి. నునావుట్‌లో కొన్ని ఊళ్లలో మందు పూర్తిగా నిషేధం, కొన్నిచోట్ల ఊరి కమిటీ ఒప్పుకుంటేనే తెప్పించుకోవాలి. నిషేధముంటే మందుండదని మీరనుకుంటే మన సంగతి గుర్తు చేసుకోండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం చివరికి 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది, 1997కల్లా ఎత్తేశారు. ఆ మధ్య ఎన్ని లారీల్లో ఎన్ని సీసాలు దాగాయో మన పెద్దవాళ్లను అడగండి. నిషేధమున్న ఊళ్లో గర్భిణి “తాగాను” అంటే నేరం ఒప్పుకున్నట్టే అనుకుంటుంది. అందుకే ముందే చెప్పాలి: “ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు అని నేను అడగను.”

రెండో భయం పెద్దది, బిడ్డను తీసుకుపోతారని. అది ఉత్త అనుమానం కాదు. పుట్టబోయే బిడ్డ గురించి తల్లికి చెప్పకుండానే ఆసుపత్రికి హెచ్చరిక పంపే బర్త్ అలర్ట్ పద్ధతి కెనడా రాష్ట్రాల్లో మొన్నమొన్నటిదాకా నడిచింది. బ్రిటిష్ కొలంబియా 2019లో ఆపింది, మిగతావి ఆ తర్వాత ఒక్కొక్కటిగా. కాబట్టి “ఎవరికీ చెప్పను” అని గాల్లో ఒట్లు వెయ్యకండి. ఇంట్లో పిల్లలకు అపాయముంటే మీరు చెప్పాల్సి వస్తుంది. ఏది మీ మధ్యే ఉంటుందో, ఏది ఉండదో ప్రశ్నకు ముందే చెప్పెయ్యండి. తర్వాత చెప్తే మోసం కిందికే వస్తుంది.

ఎంత అన్నది గ్లాసుల్లో అడక్కండి. కెనడా లెక్కలో ఒక డ్రింకంటే 341 మి.లీ. బీరు, 142 మి.లీ. వైన్, లేదా 43 మి.లీ. వోడ్కా. ఆ గ్లాసు ఎవరింట్లోనూ ఉండదు. “సీసా ఎంతమంది పంచుకున్నారు?” అనండి. 750 మి.లీ. వోడ్కా సీసాలో పదిహేడు డ్రింకులుంటాయి. నలుగురు కూర్చున్నారంటే లెక్క మీకే తేలుతుంది.

టి-ఏస్ అని 1989 నుంచీ ఒక నాలుగు ప్రశ్నల ఫారం ఉంది. మత్తెక్కడానికి ఎన్ని డ్రింకులు పట్టేవి అన్న మొదటి ప్రశ్న తెలివైనది, నేనూ వాడతాను. రెండో ప్రశ్న, మీ తాగుడు గురించి మాట్లాడి ఎవరైనా మీకు చిరాకు తెప్పించారా అని. ఆ ఫారం పట్టుకుని కూర్చున్న మనిషి చేస్తున్నదే అది. కావాలంటే ఆమె వెళ్లాక నింపుకోండి.

తాగాననగానే “అయ్యో” అనవద్దు. “చెప్పినందుకు థాంక్స్” అని ఆగండి.

అవునన్నాక

ఎప్పుడో ఒకసారి తాగే మనిషైతే తేలిక. జరిగిపోయిన దాని వల్ల ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు, మీరు భరోసా ఇవ్వకండి, భయపెట్టకండి. బిడ్డ మెదడు కాన్పు దాకా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇవాళ మానినా లాభమే అని చెప్పండి.

రోజూ గట్టిగా తాగే మనిషైతే “ఈ రాత్రి నుంచే మానెయ్” అని పంపించకండి. మళ్లీ రాస్తున్నాను, పంపించకండి. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు, తర్వాత ఫిట్స్ రావచ్చు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది. పొద్దున్నే చేతులు వణుకుతాయా, తాగితే తగ్గుతాయా అని అడగండి. అవునంటే అప్పుడే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రిలో, మందులిస్తూ మాన్పించాల్సిన కేసు అది. (‘మందు మాన్పించడానికి మందు’ అని రాయాల్సి రావడం తెలుగులో ఉన్న ఇబ్బంది. ఐరన్ మాత్రల గురించి గర్భిణికి “మందు మానకమ్మా” అని చెప్పేముందు రెండోసారి ఆలోచించుకోండి.)

భర్తను కలపండి. ఇంట్లో సీసా ఉన్నన్నాళ్లు ఆమె ఒక్కతే మానడం కష్టం. ఆమె ఒప్పుకుంటేనే. కొట్టే మనిషైతే ఆ ఊసే ఎత్తవద్దు.

కడుపుతో లేని వాళ్లను కూడా

నెల తప్పాక చేసే పని సగమే. తాగే అలవాటుండి ఇప్పుడు పిల్లలు వద్దనుకునే వాళ్లకు రెండు దారులున్నాయి: మందు తగ్గించడం, గర్భం రాకుండా చూసుకోవడం. ఏదో ఒకటి చేసినా బిడ్డకు ముప్పు తగ్గుతుంది. అమెరికాలో ప్రాజెక్ట్ ఛాయిసెస్ పద్ధతి ఇదే. మంచు తుపానుకి వారం రోజులు విమానం దిగని ఊళ్లో మాత్రల కంటే మూడు నెలల ఇంజెక్షనో, చేతిలో పెట్టే ఇంప్లాంటో నయమని నా అభిప్రాయం. అయితే అడక్కుండా ఆపరేషన్లు చేసేసిన చరిత్ర కెనడాలో ఆదివాసీ ఆడవాళ్లకు బాగా గుర్తుంది. ఒత్తిడి చెయ్యకండి. ఇంప్లాంటు తీసెయ్యమన్న రోజు మారు మాట్లాడకుండా తీసెయ్యాలి.

చివరగా

తర్వాతి తేదీ చీటీ మీద రాసి చేతికివ్వండి. “మానేస్తేనే రండి” అని మీ ముఖం చెప్పకుండా చూసుకోండి. “వీలైతే రండి” అని కూడా అనకండి. “మంగళవారం రండి, తాగినా తాగకపోయినా రండి, టీ పెడతాను” అనండి. మంగళవారం కెటిల్ ఆన్ చేసి ఉంచండి.