కమాండ్‌తో వర్చువల్ మెషీన్ లేవడం లేదా? లక్షణం పట్టుకుని కారణం దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్ నేను చూసుకుంటాను. తెనాలి, నరసరావుపేట, మంగళగిరి నుంచి పొద్దున్నే పిల్లలు వస్తారు. వాళ్లు కూర్చునేసరికి ఒక్కొక్కరికీ ఒక ఉబుంటు లినక్స్ వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్, సిద్ధంగా ఉండాలి. మౌస్ పట్టుకుని ఒక్కోటి తయారుచేస్తూ కూర్చుంటే మధ్యాహ్నమవుతుంది. అందుకే అన్నీ కమాండ్లతోనే, స్క్రిప్టుతోనే చేస్తాను. ఆ దారిలో నాకు ఎదురైన ఇబ్బందులూ, వాటి అసలు కారణాలూ ఇవి. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి.

ముందు ఒక్క మాట. మనం కొట్టే వర్ట్-ఇన్‌స్టాల్ కమాండ్ మెషీన్‌ను తనంతట తాను తయారుచేయదు. అది మెషీన్లను చూసుకునే లిబ్‌వర్ట్‌కు చెబుతుంది. లిబ్‌వర్ట్, కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎమును నడుపుతుంది. వేగం కోసం క్యూఎము లినక్స్ కెర్నల్‌లో ఉన్న కేవీఎం సాయం తీసుకుంటుంది. కొత్త మెషీన్ లేచాక, లోపల యూజర్లనూ సెట్టింగ్‌లనూ అమర్చే క్లౌడ్-ఇనిట్ పని మొదలుపెడుతుంది. ఇన్ని చేతులు మారుతుంది కాబట్టి ఎర్రర్ కనిపించేది ఒకచోట, తప్పు ఉండేది ఇంకోచోట. కమాండ్‌ను పదిసార్లు తిరగరాసేముందు, అది ఎవరితో మాట్లాడుతోంది, ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది అని చూస్తే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

మెషీన్ లేచింది, కానీ నత్తనడక

ఇన్‌స్టాల్ గంటలు పడుతోంది, మీట నొక్కితే అక్షరం పడటానికే ఆలస్యం. కాస్త పైకి జరిపి చూస్తే వర్ట్-ఇన్‌స్టాల్ ఒక హెచ్చరిక ఇచ్చి ఉంటుంది: కేవీఎం దొరకలేదు, క్యూఎముతోనే నడుపుతున్నాను అని. అంటే ప్రాసెసర్ పనంతా సాఫ్ట్‌వేరే అనుకరిస్తోంది. స్క్రిప్టులో ఆ హెచ్చరిక ఎవరి కంటా పడకుండా దాటిపోతుంది.

కారణం చాలాసార్లు బయాస్‌లోనే (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగ్‌లలో) ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎస్‌వీఎం మోడ్ అనీ ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. ఉబుంటులో సీపీయూ-చెకర్ ప్యాకేజీ వేసుకుంటే కేవీఎం-ఓకే అనే కమాండ్ విషయం వెంటనే చెప్పేస్తుంది. బయాస్ సరిగ్గానే ఉండి పర్మిషన్ లేదంటే మీ యూజర్ కేవీఎం గ్రూపులో లేడని అర్థం. గ్రూపులో చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ చివరి అడుగు మరిచిపోయి అరపూట వెతికినవాళ్లు నాకు తెలుసు.

తయారైంది అన్నాడు, లిస్టులో లేదు

నన్ను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది ఇదే. వర్ట్-ఇన్‌స్టాల్ సాఫీగా ముగిసింది. మెషీన్ల జాబితా చూపే వర్ష్ లిస్ట్ ఆల్ కొడితే ఖాళీ. సుడో (రూట్ అధికారం) పెట్టి కొడితే వేరే మెషీన్లు కనిపిస్తాయి. మెషీన్ పోయిందేమోనని మళ్లీ తయారుచేస్తారు. అప్పుడు ఆ పేరు ఇప్పటికే వాడుకలో ఉందంటుంది.

లిబ్‌వర్ట్‌కు రెండు లోకాలున్నాయి. ఒకటి సిస్టమ్, మొత్తం కంప్యూటర్‌కు ఒక్కటే. రెండోది సెషన్, ఒక్కో యూజర్‌కు ఒకటి. ఇక్కడ తయారైన మెషీన్ అక్కడ కనిపించదు. రూట్‌గా నడిపితే సిస్టమ్‌కు వెళ్తుంది. మామూలు యూజర్‌గా నడిపితే సాధారణంగా సెషన్‌కు వెళ్తుంది. కొన్ని డిస్ట్రోలు లాగిన్ సమయంలో దీన్ని సిస్టమ్‌కు మార్చి పెడతాయి. దాంతో టెర్మినల్‌లో సరిగ్గా నడిచిన స్క్రిప్టు, క్రాన్‌లో (చెప్పిన సమయానికి స్క్రిప్టు నడిపేది) పెడితే వేరే లోకంలోకి పోతుంది. సెషన్‌లో తయారైన మెషీన్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని నెట్‌వర్క్ యూజర్ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి లోపలి నుంచి ఇంటర్నెట్ వస్తుంది గానీ పక్క కంప్యూటర్ నుంచి దానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) కుదరదు.

వర్ష్ యూఆర్ఐ అని కొడితే మీరిప్పుడు ఏ లోకంలో ఉన్నారో తెలుస్తుంది. ఇక పరిష్కారం: మీ యూజర్‌ను లిబ్‌వర్ట్ గ్రూపులో చేర్చండి, స్క్రిప్టులో ప్రతి కమాండ్‌కూ కనెక్ట్ ఆప్షన్‌తో సిస్టమ్ చిరునామా ఇవ్వండి, లేదా స్క్రిప్టు మొదట్లోనే లిబ్‌వర్ట్-డిఫాల్ట్-యూఆర్ఐ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టండి. అవసరమున్నచోట సుడో, లేనిచోట వదిలేయడం అనే పద్ధతి మాత్రం మానేయండి. ఈ గందరగోళానికి మూలం అదే.

డిస్కు ఫైలు తెరవలేనంటోంది

ఇమేజ్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోనే ఉంది, మీరు తెరిస్తే తెరుచుకుంటుంది, మెషీన్ మాత్రం పర్మిషన్ డినైడ్ అంటుంది. సిస్టమ్ లోకంలో క్యూఎము మీ పేరు మీద నడవదు. డెబియన్, ఉబుంటుల్లో లిబ్‌వర్ట్-క్యూఎము అనే యూజర్ పేరు మీద నడుస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లలోకి ఇతరులు అడుగుపెట్టలేరు. ఫైలుకు ఎంత అనుమతి ఇచ్చినా, గుమ్మం దాటలేనివాడికి లోపలి గదిలోని పెట్టె అందదు కదా. అందుకే ఫైలుకు మూడు ఏడులు (అందరికీ అన్ని అనుమతులు) కొట్టమనే సలహా ఇక్కడ పనిచేయదు, పైగా ప్రమాదం. ఇమేజ్‌ను /వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ లోకి మార్చండి, చాలు.

ఓఎస్ పేరు చెప్పాల్సిందేనంటోంది

పాత స్క్రిప్టు కొత్త కంప్యూటర్ మీద ఇలా ఆగిపోతుంది. 2022లో వచ్చిన వర్ట్-ఇన్‌స్టాల్ 4.0 నుంచి, ఓఎస్ ఏదో అది తనంతట తాను పట్టలేకపోతే ఓఎస్-ఇన్ఫో ఆప్షన్ తప్పనిసరి. చిరాకుగా అనిపించినా ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. ఆ పేరు తెలిస్తేనే అది డిస్కుకూ నెట్‌వర్క్‌కూ వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వేగవంతమైన పరికరాలు) పెడుతుంది. తెలియకపోతే పాతకాలపు నెమ్మది పరికరాలను తగిలిస్తుంది. ఓఎస్-ఇన్ఫో లిస్ట్ అని కొట్టి సరైన పేరు ఎంచుకోండి.

దీనికి తోబుట్టువు లాంటిది ఇంకొకటి ఉంది. ఒక మూల ఇమేజ్ మీద ఒక్కో విద్యార్థికి ఒక్కో పలుచటి పొర వేసే పద్ధతిలో, క్యూఎము-ఇమేజ్ క్రియేట్ 2021 నాటి 6.1 వెర్షన్ నుంచి మూల ఇమేజ్ ఫార్మాట్‌ను కూడా పెద్ద ఎఫ్ ఆప్షన్‌తో చెప్పమంటుంది. చెప్పేయండి. పొరలు వేసిన తర్వాత మూల ఇమేజ్‌ను ఎప్పుడూ నేరుగా బూట్ చేయకండి. అందులో ఒక్క మార్పు పడినా పైనున్న పొరలన్నీ చెడతాయి.

క్లౌడ్ ఇమేజ్ లేచింది, లాగిన్ కావడం లేదు

లాగిన్ అని అడుగుతుంది, ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా తప్పంటుంది. క్లౌడ్ ఇమేజ్‌లో (ఓఎస్ ముందే ఇన్‌స్టాల్ అయి వచ్చే డిస్కు ఫైలు) పాస్‌వర్డంటూ ఉండదు. మనం యూజర్-డేటా ఫైల్లో రాసింది క్లౌడ్-ఇనిట్ చదివి యూజర్‌ను తయారుచేయాలి. లాగిన్ కావడం లేదంటే ఆ చదవడం ఎక్కడో తప్పింది.

మొదట ఫైలు మొదటి వరుస చూడండి. హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకునే క్లౌడ్-కాన్ఫిగ్ అన్న మాట ఉండాలి. చూడటానికి అది కామెంట్‌లా ఉంటుంది. ఒక కుర్రాడు అలాగే అనుకుని దాన్ని తీసేశాడు. ఆ వరుస లేకపోతే మిగతాదంతా ఎంత చక్కగా ఉన్నా క్లౌడ్-ఇనిట్ పట్టించుకోదు. తర్వాత ట్యాబ్‌లు. ఆ ఫైలు రాసే యామల్ పద్ధతిలో ఖాళీలు స్పేస్‌బార్‌తోనే ఇవ్వాలి. క్లౌడ్-ఇనిట్ స్కీమా కమాండ్‌కు కాన్ఫిగ్-ఫైల్ ఆప్షన్‌తో ఆ ఫైలు ఇస్తే తప్పున్న వరుస చూపిస్తుంది. మెషీన్ తయారుచేయకముందే ఇది చేయండి.

ఫైలు సరిగ్గా ఉన్నా లాగిన్ కాకపోతే మూడు చోట్లు చూస్తాను. యూజర్స్ జాబితా రాసి అందులో డిఫాల్ట్ అన్నది పెట్టకపోతే ఉబుంటు అనే యూజర్ అసలు పుట్టడు. కొత్త యూజర్‌కు లాక్-పాస్‌వర్డ్ అన్నది మొదట్నుంచే ఆన్‌లో ఉంటుంది, ఫాల్స్ అని రాయకపోతే పాస్‌వర్డ్ ఇచ్చినా పనిచేయదు. ఇక యూజర్-డేటాను మెషీన్‌కు అందించే సీడ్ ఐఎస్ఓ చేత్తో తయారుచేస్తుంటే దాని లేబుల్ సీఐడేటా అని ఉండాలి. వర్ట్-ఇన్‌స్టాల్‌కే క్లౌడ్-ఇనిట్ ఆప్షన్ ఉంది కాబట్టి చేత్తో చేసే ఆ పని వదిలేయడమే మేలు.

తప్పు దిద్దాక అదే మెషీన్‌ను రీబూట్ చేస్తే ఏమీ మారదు. యూజర్లు, పాస్‌వర్డ్ల పనిని క్లౌడ్-ఇనిట్ ఒక ఇన్‌స్టన్స్-ఐడీకి ఒక్కసారే చేస్తుంది. పొర తీసేసి కొత్తది వేయండి, లేదా లోపలికి వెళ్లగలిగితే క్లౌడ్-ఇనిట్ క్లీన్ కొట్టి రీబూట్ చేయండి. లోపలికే వెళ్లలేకపోతే బయటి నుంచే లాగ్ చదవొచ్చు. లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ టూల్స్‌లో వర్ట్-క్యాట్ ఉంది. దానికి మెషీన్ పేరూ, /వార్/లాగ్/క్లౌడ్-ఇనిట్.లాగ్ దారీ ఇస్తే లోపల ఏం జరిగిందో అంతా బయటపడుతుంది.

రెండు మెషీన్లకు ఒకటే ఐపీ

క్లోన్ చేశాక ఇద్దరు పిల్లలు ఒకే మెషీన్‌లోకి వెళ్తున్నారు. వర్ట్-క్లోన్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) మార్చింది, అయినా ఐపీ ఒకటే. ఉబుంటు సర్వర్, ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి తన గుర్తింపును మ్యాక్ నుంచి కాదు, మెషీన్-ఐడీ నుంచి తయారుచేసి ఇస్తుంది. ఆ ఐడీ క్లోన్‌తోపాటే వచ్చేసింది. మూల మెషీన్‌ను ఆపి వర్ట్-సిస్‌ప్రెప్ నడిపి, ఆ తర్వాత క్లోన్ చేయండి. అది మెషీన్-ఐడీతోపాటు ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను కూడా తుడిచేస్తుంది, బూటయ్యాక ఆ కీలు కొత్తగా పుట్టాయో లేదో చూసుకోండి.

కన్సోల్ నల్లగా ఉంది

వర్ష్ కన్సోల్ కనెక్ట్ అయ్యానంటుంది, తర్వాత ఒక్క అక్షరం కూడా రాదు. లోపలి కెర్నల్‌కు సీరియల్ పోర్టు మీద రాయమని ఎవరూ చెప్పలేదు. బూట్ మొదలుపెట్టే గ్రబ్‌లో కన్సోల్ ఈక్వల్స్ టీటీవైఎస్0 చేర్చండి. ఇన్‌స్టాల్ సమయంలోనే కావాలంటే ఎక్స్‌ట్రా-ఆర్గ్స్ వాడాలి, అయితే అది లొకేషన్ ఆప్షన్‌తోనే కుదురుతుంది, సీడీరామ్‌తో కుదరదు. బయటికి రావడానికి కంట్రోల్‌తో పాటు మూసే చదరపు బ్రాకెట్ నొక్కాలి.

కరెంటు పోయి వచ్చాక ఏదీ లేవలేదు

ఎండాకాలంలో మా ల్యాబ్‌లో తరచూ వచ్చే సమస్య. సర్వర్ లేస్తుంది, మెషీన్లు పడుకునే ఉంటాయి. వర్ష్ స్టార్ట్ కొడితే డిఫాల్ట్ నెట్‌వర్క్ యాక్టివ్‌గా లేదంటుంది. నెట్-స్టార్ట్ డిఫాల్ట్ ఇప్పటికి పనికొస్తుంది, నెట్-ఆటోస్టార్ట్ డిఫాల్ట్ రేపటికి. ప్రతి మెషీన్‌కూ వర్ష్ ఆటోస్టార్ట్ కూడా పెట్టండి. పొరపాటున ఏదైనా లేవకపోతే, అది ఆగి ఉండగానే క్యూఎము-ఇమేజ్ చెక్‌తో డిస్కు చూడండి.

స్క్రిప్టు రెండోసారి నడిపితే విరిగిపోతోంది

సగంలో ఆగిన స్క్రిప్టును మళ్లీ నడిపితే పేరు వాడుకలో ఉందని ఆగుతుంది. ఇక్కడ డిస్ట్రాయ్ అన్న మాటతో జాగ్రత్త. అది మెషీన్‌ను చెరపదు, కరెంటు తీగ పీకినట్టు ఆపుతుంది. తీసేయడానికి అన్‌డిఫైన్ కావాలి, యూఈఎఫ్ఐ (కొత్త తరం బయాస్) మెషీన్ అయితే దానికి ఎన్‌వీర్యామ్ ఆప్షన్ జోడించాలి. రిమూవ్-ఆల్-స్టోరేజ్ పెడితే డిస్కు కూడా పోతుంది, అందులో పిల్లవాడి నెలరోజుల పని ఉండొచ్చు.

అందుకే నా స్క్రిప్టు ముందు అడుగుతుంది, తర్వాతే తయారుచేస్తుంది. కేవీఎం ఉందా, యూఆర్ఐ సిస్టమేనా, నెట్‌వర్క్ లేచిందా, ఈ పేరుతో వర్ష్ డోమ్‌ఇన్ఫో ఏమైనా చెబుతోందా, యూజర్-డేటా స్కీమా పరీక్ష దాటిందా. ఒక్కటి తప్పినా ఏది తప్పిందో తెలుగులో చెప్పి ఆగిపోతుంది. అన్నీ కుదిరాక వర్ట్-ఇన్‌స్టాల్‌ను నో-ఆటోకన్సోల్‌తో నడుపుతుంది. చివరికి లోపల క్లౌడ్-ఇనిట్ స్టేటస్ వెయిట్ తప్పుల్లేకుండా ముగిసేదాకా ఆగి, అప్పుడు ఐపీ అచ్చువేస్తుంది. తెనాలి రైలు దిగిన పిల్లకు నేనిచ్చే చీటీ మీద ఉండేది ఆ ఐపీయే.