అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ క్యాన్యన్ లోయ వైపు కుటుంబంతో బయల్దేరే ముందు

• అన్నిటికంటే ముందు నీళ్లు. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన కార్లో పెట్టుకోండి. ఆ పొడి ఎండలో చెమట పట్టినట్టే తెలియదు. ఉప్పగా ఉండేవి కూడా తినాలి, మన జంతికలు చక్కగా పనికొస్తాయి.

• జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం ఎక్కువ. అదే రాష్ట్రంలోని యాంటిలోప్ క్యాన్యన్ లాంటి ఇరుకు లోయల్లో నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది, ఎక్కడో మైళ్ల దూరంలో కురిసిన వాన నీరు ఒక్కసారిగా ముంచుకొస్తుంది. 1997 ఆగస్టులో అక్కడ 11 మంది ఇలాగే చనిపోయారు. గైడు వద్దంటే, డబ్బులు పోయినా సరే, దిగకండి.

• యాంటిలోప్ క్యాన్యన్ ఉన్నది నవాహోల (అక్కడి ఆదివాసీ తెగ) నేల. గైడు లేకుండా వెళ్లనివ్వరు, టూరు ముందే బుక్ చేసుకోవాలి.

• వేసవిలో నవాహో ప్రాంతం గడియారం గంట ముందుకు జరుపుతుంది, మిగతా అరిజోనా జరపదు. ఫోను టైం నమ్మకుండా, టూరు ఏ టైం ప్రకారమో అడిగి రాసుకోండి.

• గ్రాండ్ క్యాన్యన్ దక్షిణ అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆయాసం రావచ్చు, మొదటి రోజు మెల్లగా నడిపించండి. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలోకి దిగొద్దు. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే ప్రాణం పోతుంది. చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, ఫొటో తీసేటప్పుడు కూడా పిల్లల చెయ్యి వదలకండి.